వేగం కొలిచే పెట్టెకు మీ ఇంటి ఆనవాలు ఎందుకు?

ప్రశ్న: పెన్సిల్వేనియాలో ఉంటున్నాను. క్రిస్మస్ తర్వాత వచ్చే ఫ్లింట్‌లాక్ (చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలే పాతకాలపు తుపాకీ) జింకల వేట కోసం, మూతిలోంచి మందు కూరే రైఫిల్ కొన్నాను. గుండు వేగం చూద్దామని క్రోనోగ్రాఫ్, అంటే వేగం కొలిచే పెట్టె, పెడితే సెకనుకు ఒకసారి 1,520 అడుగులు, ఇంకోసారి 2,900, ఆ తర్వాత ఎర్రర్. మిషన్ పాడైందా? దాని యాప్ కూడా అప్‌డేట్ చేస్తేగానీ తెరుచుకోవడం లేదు.

జవాబు: మిషన్ బాగానే ఉంది. మీరే దాన్ని తుపాకీ మూతికి ఆనించినట్టు పెట్టారు. ఇలాంటి ఫిర్యాదు రావడం ఇది మూడోసారి.

మీది రెండు కళ్ల రకం, అంటే వెలుతురును కనిపెట్టే సెన్సర్లు రెండు. మొదటి కంటి మీద నీడ పడగానే గడియారం మొదలు, రెండోదాని మీద పడగానే బంద్. మధ్య దూరం అడుగైతే, 1,500 అడుగుల వేగంతో పోయే గుండు దాన్ని సెకనులో 1,500వ వంతులో దాటేస్తుంది. ఆ నీడ గుండుదా, కాలకుండా ఎగిరిన మందు రవ్వదా, గుండుకు చుట్టిన గుడ్డముక్కదా అన్నది దానికి పట్టదు. బ్లాక్ పౌడర్ (నల్లమందు అని రాస్తే పోలీసులు వేరే అర్థం చేసుకుంటారు) కాలాక బరువులో సగానికి పైగా మిగిలేది పొగలో తేలే పొడీ, గొట్టంలో పేరుకునే మసే.

మూతికి 15 అడుగుల అవతల పెట్టండి. మధ్యలో పెద్ద చిల్లు కోసిన అట్ట నిలబెడితే పొగ, పేలికలు చాలావరకు అక్కడే ఆగుతాయి. మడత మిషన్ అయితే పూర్తిగా విప్పారా? కళ్ల మధ్య దూరం అంగుళంలో ఎనిమిదో వంతు తగ్గినా వేగం 15 అడుగులు ఎక్కువ చూపిస్తుంది.

ఇక మందు మోతాదు. తయారీదారు పుస్తకంలోని కనిష్ఠంతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచండి, గరిష్ఠం దాటొద్దు. ఇప్పటి తూటాల్లో వాడే పొగరాని మందు ఇందులో చిటికెడు కూడా పోయొద్దు, గొట్టం పగిలిపోవచ్చు. ప్రతిసారీ గొట్టం ఒకేలా తుడవండి, లేకపోతే మీరు కొలిచేది మసిని. మూడుసార్లు కాల్చి సగటు తీయొద్దు, పది కాల్చండి. వేగాలు నిలకడగా ఉండి గురి కాగితం మీద చిల్లులు చెదిరితే, కాగితం మాటే వినండి.

యాప్ సంగతికొస్తే ఒళ్లు మండుతుంది. దూరాన్ని కాలంతో భాగించే పెట్టెకు ఖాతా ఎందుకు, కాంటాక్టులెందుకు? 1742లో బెంజమిన్ రాబిన్స్ వేలాడే చెక్కదిమ్మను కొట్టి, అది ఎంత ఊగిందో చూసి గుండు వేగం లెక్కగట్టాడు. అతన్నెవరూ ఓటీపీ అడగలేదు. ఆండ్రాయిడ్ 11 వరకు బ్లూటూత్ పరికరాన్ని వెతకడానికి లొకేషన్ అనుమతి కావాల్సి వచ్చేది. 12 నుంచి ఆ సాకు కూడా లేదు. అయినా లొకేషన్‌కు 'ఎల్లప్పుడూ' అనుమతి కావాలని అడిగే యాప్‌లున్నాయి. ఇంట్లో ఏ తుపాకీ ఉంది, ఏ వారం ఏ గంటకు మీరు ఇంట్లో ఉండరు, ఈ రెండూ ఒకే సర్వర్‌లో చేరితే దొంగకు అంతకన్నా ఏం కావాలి? ఒక వ్యాయామ యాప్ ప్రచురించిన పటంలో సైనిక స్థావరాల దారులే ఉన్నాయని 2018లో బయటపడింది. మీ పెరడు ఎంత?

లొకేషన్, కాంటాక్టులు రెండూ ఆపేయండి. రీడింగ్ ఫోటోను గ్రూపులో పెట్టేముందు అందులో స్థలం వివరం తీసేయండి. అప్‌డేట్ ఇంట్లోనే చేసుకోండి, సిగ్నల్ లేని కాల్పుల మైదానంలో కాదు. ఖాతా లేకుండా అంకె చూపించనంటే మిషన్ వెనక్కిచ్చేయండి. రసీదు పారేయలేదు కదా?