విస్కాన్సిన్‌లో టీచర్ ఉద్యోగమా? యూనియన్ చూసుకుంటుందిలే అని సంతకం పెట్టేయకు చెల్లెమ్మా

మొన్న ఒకమ్మాయి ఫోన్ చేసింది. అక్కా, హెచ్4 ఈఏడీ (హెచ్1 వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి) వచ్చింది, ఊళ్ళో పదకొండేళ్ళు గవర్నమెంట్ హైస్కూల్లో లెక్కలు చెప్పాను, ఇక్కడ మిల్వాకీ పక్కన ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతం బడుల్ని నడిపే సంస్థ) వాళ్ళు ఆఫర్ ఇస్తామంటున్నారు, జీతం సంగతి యూనియన్ వాళ్ళు మాట్లాడతారు కదా, నేను ఊరికే ఉండొచ్చా అని.

మాట్లాడరమ్మా. ఇక్కడ పెద్దగా మాట్లాడనివ్వరు.

నీ తప్పేం లేదు, మనకి యూనియన్ అంటే యూటీఎఫ్, ఎస్టీయూ, పీఆర్టీయూ గుర్తొస్తాయి, పీఆర్సీలో తేడా వచ్చిందని 2022 ఫిబ్రవరి 3న చలో విజయవాడ అంటే బెజవాడ రోడ్లు నిండిపోయాయి, పైగా మన టీచర్లకి కౌన్సిల్లో వాళ్ళు ఓటేసి గెలిపించుకున్న ఎమ్మెల్సీలు కూడా ఉంటారు. అమెరికాలో సంగతి వేరు. ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్ళకి 1935 నాటి ఫెడరల్ చట్టం ఉంది కానీ అందులో గవర్నమెంట్ ఉద్యోగుల్ని కలపలేదు, అందుకని పబ్లిక్ స్కూల్ టీచర్ల హక్కులు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే తేల్చుకుంటుంది. మనకి దక్షిణాన ఇల్లినాయ్‌లో టీచర్లు సమ్మె కూడా చెయ్యొచ్చు, 2012లో షికాగో వాళ్ళు ఏడు స్కూలు రోజులు చేశారు. మనవాళ్ళందరూ ఎగబడి వెళ్ళే డాలస్ ఉన్న టెక్సాస్‌లోనేమో టీచర్లకి కలెక్టివ్ బార్గెయినింగే (యూనియన్ అందరి తరఫున మాట్లాడి ఒప్పందం చేసుకునే హక్కు) లేదు. తమాషా ఏంటంటే దేశంలో ఈ హక్కు మొదట ఇచ్చింది విస్కాన్సినే, 1959లో. చాలావరకు తీసేసింది 2011లో.

అప్పుడు నేనిక్కడే ఉన్నా. 2007 జూలైలో అందరిలాగే మేమూ 485 (గ్రీన్ కార్డ్ దరఖాస్తు) వేసి ఈఏడీ తెచ్చుకున్నాం, నేను టీచర్‌గా చేరి రెండో ఏడు. స్కాట్ వాకర్ గవర్నర్‌గా వచ్చి నెల దాటిందో లేదో బడ్జెట్‌లో లోటు అని చెప్పి ఈ హక్కుకి కోత పెట్టే బిల్లు పెట్టారు. రాజధాని మ్యాడిసన్‌లో టీచర్లు మూకుమ్మడిగా సిక్ లీవ్ పెడితే స్కూళ్ళు మూసేశారు. ప్రతిపక్ష డెమోక్రాట్ సెనేటర్లు 14 మంది కోరం (ఓటింగ్‌కి కావాల్సిన హాజరు) లేకుండా చేద్దామని ఇల్లినాయ్ వెళ్ళి కూర్చున్నారు. మావారు గ్రీన్ కార్డ్ పెండింగ్‌లో ఉంది నువ్వు ఎటూ కదలకు అని, నేను కదలకుండా ఉండలేక, చివరికి శనివారం వెళ్ళా, సెలవు పెట్టలేదుగా అని నాకు నేనే సర్దిచెప్పుకుని. ఆ చలిలో కాపిటల్ (శాసనసభ భవనం) చుట్టూ జనం, లోపల పాలరాతి నేలమీదే పడుకున్నవాళ్ళు, ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో ఫోన్లో డబ్బులు కట్టి వాళ్ళకి పిజ్జాలు పంపిస్తున్నారు. మార్చి 9న వాకర్ పార్టీ సెనేటర్లు ఏం చేశారంటే, డబ్బు విషయాలున్న బిల్లుకే కదా ఎక్కువ కోరం కావాలి అని ఆ ముక్కలు పక్కకి తీసి మిగతాది పాస్ చేసేశారు, 11న సంతకం అయిపోయింది. అదే ఆక్ట్ 10.

దాని ప్రకారం యూనియన్ ఉండొచ్చు, కానీ మూల వేతనం ఒక్కటే మాట్లాడాలి, అదీ ధరల పెరుగుదలని మించి అడగకూడదు, మించాలంటే ఊరందరి ఓటింగ్ పెట్టాలి. క్లాసులో ఎంతమంది పిల్లలు, ప్రెప్ టైమ్ (పాఠం సిద్ధం చేసుకునే సమయం) ఎంత, ఇన్సూరెన్స్, సీనియారిటీ, ఇవేవీ కాంట్రాక్ట్‌లోకి రావు. యూనియన్ గుర్తింపు నిలవాలంటే ఏటేటా ఎన్నిక, పైగా ఓటేసినవాళ్ళలో కాదు మొత్తం టీచర్లలో 51 శాతం అవునన్నాలి, అంటే నువ్వు బద్ధకించి ఓటెయ్యకపోతే వద్దన్నట్టే లెక్క. (ఈ ఓటుకి సిటిజన్ అవ్వక్కర్లేదు, హెచ్4 అయినా వెయ్యొచ్చు, వెయ్యి.) పోలీసుల్ని, ఫైర్ వాళ్ళని మాత్రం వదిలేశారు.

అందరికీ నష్టమే అని చెప్తే అబద్ధమవుతుంది. నేను లెక్కల టీచర్ని కాబట్టి నాకు గిరాకీ ఉంది, పక్క డిస్ట్రిక్ట్‌కి మారి జీతం పెంచుకున్నా. నా పక్క గదిలో రెండో తరగతి చెప్పే ఆవిడకి ఇరవై ఏళ్ళ సర్వీసు, ఆవిడకి అంత అవకాశం రాలేదు, పాత పద్ధతిలో అయితే సర్వీసుకి స్టెప్పులూ చదువుకి లేన్లూ అని ఒక జీతాల టేబుల్ ఉండేది, ఎవరికెంతో అందరికీ తెలిసేది.

కానీ ఆ మారడంలోనే నాకు దెబ్బ తగిలింది. ఇక్కడ చట్టం ప్రకారం వచ్చే ఏడాదికి నిన్ను ఉంచుతారో లేదో మే 15 లోపు రాతపూర్వకంగా చెప్పాలి, నువ్వు ఉంటావో లేదో జూన్ 15 లోపు చెప్పాలి. నేను సరే అని సంతకం పెట్టి జూలైలో మానేశా. కాంట్రాక్ట్ మధ్యలో వదిలేస్తే కట్టాల్సిన పరిహారం అని 1500 డాలర్లు పట్టుకున్నారు. డిస్ట్రిక్ట్ నిబంధనల హ్యాండ్‌బుక్‌లో రాసే ఉంది, నేనే చదవలా. మీ ఆయన హెచ్1 మీద ఉన్నాడు, ప్రాజెక్ట్ ఎప్పుడు ఏ రాష్ట్రానికి మారుతుందో తెలీదు, నీకు ఇది నాకన్నా ముఖ్యం.

పెన్షన్ సంగతి కూడా ముందే తెలుసుకో. కట్టేదాంట్లో సగం నీ జీతంలోంచి పోతుంది, దాదాపు 7 శాతం. 2011 జూలై తర్వాత చేరినవాళ్ళకి 5 ఏళ్ళ సర్వీసు నిండితేనే పెన్షన్ హక్కు, ఈలోపు ఇండియా వెళ్ళిపోయి డబ్బులు తీసుకుంటే నువ్వు కట్టింది, దానిమీద వచ్చింది, అంతే, డిస్ట్రిక్ట్ వాటా రాదు. హెల్త్ ప్రీమియంలో నీ వంతు ఎంతో డిస్ట్రిక్ట్ ఇష్టం, కాబట్టి జీతం 2000 ఎక్కువ ఇస్తున్నారని సంబరపడేముందు ఫ్యామిలీ ప్లాన్‌కి నెలకి ఎంత కోస్తారో అడుగు.

ఆక్ట్ 10 మారుతుందేమో అంటావా, 2024 డిసెంబర్లో మ్యాడిసన్‌లో ఒక జడ్జి ఇందులో చాలా భాగం చెల్లదన్నాడు, అప్పీల్ అవుతూనే ఆ తీర్పు ఆగింది. యూటాలో 2025 ఫిబ్రవరిలో బార్గెయినింగ్ మొత్తం తీసేస్తే జనం రెండున్నర లక్షలకి పైగా చెల్లే సంతకాలు పోగేశారు, డిసెంబర్లో అదే శాసనసభ ఆ చట్టాన్ని రద్దు చేసుకుంది. ఒహాయోలో అలాంటి చట్టాన్ని 2011లోనే ప్రజలు ఓటేసి కొట్టేశారు. అలాంటిది ఇక్కడ కుదర్లేదు, వాకర్‌ని దింపుదామని 2012లో రీకాల్ (పదవి మధ్యలోనే దింపే ఎన్నిక) పెడితే ఆయనే గెలిచాడు.

చందా కట్టి యూనియన్‌లో మాత్రం చేరు. జీతం పెద్దగా మాట్లాడలేకపోయినా ఎవరైనా కంప్లైంట్ పెడితే మీటింగ్‌లో నీ పక్కన కూర్చోడానికి ఒక మనిషి దొరుకుతాడు, యాస అర్థం కావట్లేదని పేరెంట్ మెయిల్ పెట్టిన రోజు తెలుస్తుంది ఆ విలువ, నాకు తెలిసింది. ఆఫర్ లెటర్‌తో పాటు హ్యాండ్‌బుక్ పీడీఎఫ్ అడిగి తీసుకో. అర్థంకాని పేజీలు వాట్సాప్‌లో పంపు, సంతకం అయ్యాక కాదు, ముందే.