అల్లుడూ, కొత్త కరెంటు కారు కొన్నావంట, ఆ మోడ్ల సంగతి ఒకసారి విను

ఒరేయ్ అల్లుడూ,

నెక్సాన్ ఈవీ తీసుకున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది, చాలా సంతోషం. కానీ పలాస నుంచి వైజాగ్ వెళ్లొచ్చి "ఈకోలోనే పెట్టాను మావా, అయినా ఛార్జింగ్ నీళ్లలా కారిపోయింది, ఈ బండి తేడా" అని అందరికీ చెప్తున్నావంట. మడపాం టోల్ దాటాక ఎంతలో కొట్టావ్ అని అక్కని అడిగితే 110 అంది. మరి ఈకో ఏటి చేస్తాదిరా?

నీ బండిలో ఈకో, సిటీ, స్పోర్ట్ అని మూడు మోడ్లున్నాయి కదా. ఈకో అంటే యాక్సిలరేటర్‌ని మెత్తగా చెయ్యడమే, పెడల్ సగం నొక్కినా బండి దూకదు, అంతే. నువ్వు ఇంకాస్త నొక్కి 110 పట్టుకున్నాక ఎదురుగాలికి నీది ఈకోనా స్పోర్టా అని తెలీదు కదా. స్పీడు రెట్టింపు చేస్తే గాలి అడ్డు నాలుగింతలవుద్ది. నా కరెంటు బండి 70, 80 స్పీడులో వెళ్తే యూనిట్ కరెంటుకి 7 కిలోమీటర్ల దాకా ఇస్తాది, అదే 110లో 5 రావడమే కష్టం. కాబట్టి హైవే మీద మోడ్ కన్నా ముందు నీ కాలు చూసుకో. ఊళ్లో తిరగడానికి సిటీ చాలు. స్పోర్ట్ అంటావా, పాలకొండ రోడ్డు లాంటి సింగిల్ రోడ్డులో ధాన్యం లారీని దాటాలంటే అప్పుడు పెట్టుకో, దాటాక తీసెయ్. వానలో మాత్రం దాని జోలికి వెళ్లకు, చక్రాలు జర్రుమంటాయి.

అసలు నువ్వు నేర్చుకోవాల్సింది స్టీరింగ్ వెనకాల ప్యాడిల్స్ అనే మీటలతో మారే రీజెన్, అంటే యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యగానే మోటారే బండిని పట్టి ఆపడం, సున్నా నుంచి మూడు దాకా ఉంటాది. నేను జీపు తోలిన రోజుల్లో సాలూరు ఘాట్‌లో పెద్ద డ్రైవర్లు ఒకటే మాట చెప్పేవారు, ఎక్కిన గేరులోనే దిగరా అని. డీజిల్ మిగుల్తాదని న్యూట్రల్‌లో దించిన వాళ్ల బ్రేకులు కాలిపోయి వాసన కొట్టేవి. రీజెన్ మూడు అంటే ఆ కింద గేరే అనుకో, కాకపోతే జీపులో ఆ బలమంతా వేడైపోయి పోయేది, ఇందులో మోటారు జనరేటర్‌లా తిరిగి కొంత బ్యాటరీలోకి వెనక్కి వస్తాది. న్యూట్రల్‌లో పెట్టావంటే ఆ రాబడి లేదు, బండిని పట్టుకునేదీ లేదు.

ఇంత తెలిసిన నేనే ఒకసారి బోల్తా పడ్డాను. అనంతగిరిలో లాడ్జి సాకెట్‌కి రాత్రంతా పెట్టి ఛార్జింగ్ వంద శాతం చేసుకుని, భలే చేశానని పొద్దున్నే శృంగవరపుకోట వైపు దిగడం మొదలెట్టాను. రీజెన్ మూడులో పెట్టినా బండి ఆగదే! నిండిపోయిన కుండలో నీళ్లెక్కడ పోస్తావు, బ్యాటరీ నిండుగా ఉంటే తీసుకోదు కదా, ఆ మలుపులన్నీ ఒట్టి బ్రేకుల మీదే దిగాను, మీ అత్త ఆ రోజు తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తే. అప్పట్నుంచి కొండ మీద 80, 85 శాతం దగ్గరే ప్లగ్గు తీసేస్తున్నాను, అనంతగిరి మీంచి దిగేటప్పుడు శాతం తగ్గకపోగా రెండు మూడు పెరుగుతాది కూడా.

అలాగని మూడు ఎప్పుడూ పెట్టుకు తిరక్కు. సాఫీ హైవే మీద సున్నానో ఒకటో పెట్టి బండిని దాని ఊపు మీద పోనివ్వాలి, ఎందుకంటే రీజెన్‌లో పోయిందంతా వెనక్కి రాదు, మధ్యలో కొంత ఖర్చయిపోద్ది. పైగా మూడులో కాలు తీసినప్పుడల్లా కుదుపుతాది, మీ అమ్మకి అసలే కళ్లు తిరుగుతాయి. ఇంకోటి, మూడులో కాలు తీస్తే వెనక బ్రేక్ లైటు వెలుగుతోందా లేదా అని ఎవడినైనా బైకు మీద వెనక రమ్మని చూసుకో.

ఛార్జింగ్ సంగతి. ఎవడో 80 శాతం దాటించొద్దన్నాడని రోజూ అక్కడే ఆపేస్తున్నావంట. ఆ మాట ఎన్‌ఎమ్‌సీ, అంటే నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకం బ్యాటరీలకి బాగా పనికొస్తాది. నీది ఎల్‌ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం, దాని వోల్టేజి మధ్యలో చాలాసేపు ఒకేలా ఉంటాది కాబట్టి ఎంత మిగిలిందో లెక్కగట్టడం బండికే కష్టం, వారానికో పది రోజులకో ఇంట్లో స్లో ఛార్జర్ మీద వంద దాకా పోనిస్తే లెక్క సరవుద్ది, బ్యాటరీ లోపలి సెల్స్ కూడా సమానమవుతాయి. అలా చెయ్యకపోతే ఒకోరోజు శాతం ఉన్నట్టుండి పడిపోయి గుండె జారిపోద్ది. దారిలో ఫాస్ట్ ఛార్జర్ దగ్గర మాత్రం 80కే లాగేసి కదులు, అక్కణ్ణుంచి నత్తనడకే, నీ వెనకాల ఇంకొకడు కాచుకుని ఉంటాడు. పది రోజులు ఊరెళ్తే సగం మీద వదిలెయ్.

తుఫాను కబురు వస్తే ఇవేవీ చూడకు, వంద నింపేసెయ్. 2018లో తిత్లీ వచ్చినప్పుడు మీ ఉద్దానంలో ఎన్నాళ్లు చీకట్లో ఉన్నారో నీకు నేను చెప్పాలా? నీ మోడల్‌కి వీటూఎల్, అంటే కారు బ్యాటరీ నుంచి ఇంట్లో సామాన్లకి కరెంటిచ్చే ఏర్పాటు ఉంటే ఆ అడాప్టరు ఇంట్లోనే ఉంచు, రెండు ఫ్యాన్లు, లైట్లు, ఫోన్లు దాంతో సుబ్బరంగా నడుస్తాయి, ఎంత శాతం దగ్గర ఆగాలో మెనూలో ముందే పెట్టుకో, ఆస్పత్రికి వెళ్లేంతైనా మిగలాలి కదా.

ఈ ఆదివారం స్పీడు 80 దాటకుండా శ్రీకాకుళం రా, ఇంటికి చేరాక శాతం ఎంతుందో చూద్దాం. డిక్కీలో రెండు పనసకాయలు వేసుకురా, ఆ బరువుకి రేంజి ఏమీ తగ్గిపోదులే.

మీ మావ