స్లాబ్ అంటే మిద్దె కప్పేనా?

ఈ వారం మాట: స్లాబ్. వచ్చిన ఉత్తరాల్లో నాలుగు దీని చుట్టూనే తిరిగాయి.

*ప్రశ్న: అమెరికాలో మా అబ్బాయి వాళ్ల పక్కింటామెతో వీడియో కాల్‌లో మాట్లాడుతూ, వానకు మా మిద్దె ఉరుస్తా ఉందని చెప్పబోయి 'అవర్ స్లాబ్ ఈజ్ లీకింగ్' అన్నాను. 'అయ్యో, నేల పగలగొట్టాలేమో!' అనింది. పైకప్పు కారితే నేల పగలగొట్టడం ఏమిటండీ? — ఒక గృహిణి, అనంతపురం*

ఆమె విన్నది విన్నట్టే అర్థం చేసుకున్నారు. అమెరికాలో, ముఖ్యంగా టెక్సాస్ వంటి చోట్ల, చాలా ఇళ్లకు పునాదే నేల మీద పరిచిన కాంక్రీటు పలక. వాళ్లకు స్లాబ్ అనగానే కాళ్ల కింది ఆ పలకే గుర్తొస్తుంది. దాని అడుగున నీళ్ల పైపు కారితే 'స్లాబ్ లీక్' అంటారు. బాగు చేయడానికి చాలాసార్లు నేల పగలగొట్టాల్సిందే. మీరు చెప్పాల్సింది 'ద రూఫ్ ఈజ్ లీకింగ్'. స్లాబ్ ఊసే అక్కర్లేదు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మనం ఆ మాటను తెచ్చుకునేటప్పుడు దాని అర్థంలో ఒక మూల మాత్రమే తెచ్చుకున్నాం. మట్టి మిద్దెలు, బండల మిద్దెలు పోయి సిమెంటు కప్పులు వచ్చినప్పుడు మేస్త్రీల నోట ఈ మాట ఊళ్లోకి దిగింది. అందుకే మనకు స్లాబంటే కప్పు. ఇంగ్లీషులో అది ఎక్కడ ఉందన్నది కాదు, ఏ ఆకారంలో ఉందన్నదే లెక్క. వెడల్పుగా, చదునుగా, చెప్పుకోదగ్గ మందంతో ఉన్న ఒకే ముక్క స్లాబ్. అది పైన ఉండొచ్చు, కింద ఉండొచ్చు, వంటింటి గట్టు మీదా ఉండొచ్చు. ఇంజనీర్లు 'రూఫ్ స్లాబ్', 'ఫ్లోర్ స్లాబ్' అని ముందు ఒక మాట తగిలించేది ఇందుకే.

శెనక్కాయల చిక్కీ చేసేటప్పుడు చూడండి. పాకం బల్ల మీద పోసి కర్రతో ఒత్తి, ఇంకా గీతలు పెట్టకముందు ఒకటే పలకగా ఉంటుందే, అది స్లాబ్. కోశాక చేతికొచ్చేది 'పీస్'. అదే పాకాన్ని అప్పడమంత పల్చగా ఒత్తితే స్లాబ్ అనరు, 'షీట్' అంటారు. ఇటుకలా అన్ని వైపులా దళసరిగా ఉంటే 'బ్లాక్'. రొట్టె నుంచి పల్చగా కోసింది 'స్లైస్'. దాన్నే మొరటుగా, మందంగా కోస్తే 'ఎ స్లాబ్ ఆఫ్ బ్రెడ్' అనొచ్చు, అందులో కాస్త వెటకారం కూడా పలుకుతుంది.

*ప్రశ్న: 'నిన్న స్లాబ్ వేశాం' అని ఇంగ్లీషులో ఎలా చెప్పాలి? 'వి పుట్ స్లాబ్ ఎస్టర్డే' అంటే నవ్వుతున్నారు. — డిగ్రీ విద్యార్థి, కడప*

ఆ వాక్యంలో రెండు తప్పులున్నాయి. స్లాబ్ లెక్కపెట్టగలిగే నామవాచకం. ఒక్కటే ఉన్నప్పుడు ముందు 'ఎ', 'ద', 'అవర్' లాంటి మాట ఏదో ఒకటి లేకుండా రాదు. ఇక కాంక్రీటుకు 'పుట్' కుదరదు, 'క్యాస్ట్', 'లే', 'పోర్' వాడాలి. మేస్త్రీ మాట్లాడుతుంటే 'వి క్యాస్ట్ ద రూఫ్ స్లాబ్ ఎస్టర్డే'. మీరు ఇంటి యజమాని అయితే మీరు వేయలేదు, వేయించారు కదా! అప్పుడు 'వి హ్యాడ్ ద రూఫ్ స్లాబ్ క్యాస్ట్ ఎస్టర్డే'. తెలుగులో 'వేయించు' చివరి 'ఇంచు' చేసే పనిని ఇంగ్లీషులో 'హ్యాడ్' చేస్తుంది.

'క్యాస్టెడ్' అని మాత్రం రాయకండి. సైట్ రిపోర్టుల్లో కూడా కనబడే తప్పు అది. క్యాస్ట్‌కు మూడు రూపాలూ ఒకటే. మనం 'సెంట్రింగ్' అనేదాన్ని బయటి దేశాల వాళ్లకు చెప్పేటప్పుడు 'ఫామ్‌వర్క్' అనండి, తేలిగ్గా అందుతుంది.

*ప్రశ్న: నాపరాయి వ్యాపారం చేస్తాం. బయటి దేశం నుంచి అడిగిన ఆయనకు 'టూ ఫీట్ స్లాబ్స్, కడప బ్లాక్ గ్రానైట్' అని కొటేషన్ పంపితే తిరిగి పది ప్రశ్నలు వేశాడు. ఏం తప్పు రాశాం? — బేతంచెర్ల*

మొదటిది, నాపరాయి గ్రానైట్ కాదు, సున్నపురాయి. 'లైమ్‌స్టోన్' అని రాయండి. ఇది పేరు పట్టింపు కాదు. నిమ్మరసమో వెనిగరో పడితే గ్రానైట్‌కు అంతగా ఏమీ కాదు; నాపరాయికి పాలిష్ పోయి తెల్లమచ్చ మిగులుతుంది. గ్రానైట్ అనుకొని వంటగట్టుకు వేసుకున్నాయన రేపు మిమ్మల్నే పట్టుకుంటాడు.

రెండోది కొలత. నామవాచకం ముందు విశేషణంగా వచ్చినప్పుడు ఏకవచనమే: 'టూ-ఫుట్ స్లాబ్', మధ్యలో చిన్న గీత. వెనక వచ్చినప్పుడు బహువచనం: 'ద స్లాబ్ ఈజ్ టూ ఫీట్ లాంగ్'. అయినా 'టూ-ఫుట్' అన్నంత మాత్రాన పొడవు ఒకటే తెలిసింది. పొడవు, వెడల్పు, మందం ఈ వరుసలో మూడూ రాయండి. 2 అడుగులు × 2 అడుగులు × 20 మిల్లీమీటర్లు అన్నారనుకోండి, ఒక్కో బండ 4 చదరపు అడుగులు, 100 బండలు 400 చదరపు అడుగులు. ధర బండకా, చదరపు అడుగుకా అన్నది కూడా అక్కడే తేల్చేయండి.

మూడోది మీరు ఊహించి ఉండరు. గ్రానైట్, మార్బుల్ వ్యాపారంలో స్లాబ్ అంటే దిమ్మ నుంచి కోసిన పెద్ద పలక, ఇంకా ముక్కలు చేయనిది. మీరు పంపే రెండడుగుల చదరాలను, అంచులు నేరుగా కోసి, మందం సమంగా ఉంటే, 'టైల్స్' అనో 'కట్-టు-సైజ్' అనో రాయడం మేలు. గనిలో పొర లేచినట్టే ఉన్న బండలకు స్లాబ్ అన్నా చెల్లుతుంది. 'స్టోన్స్ స్లాబ్స్' వద్దు, 'స్టోన్ స్లాబ్స్' చాలు. 'ఆఫ్' పెట్టినా అంతే: 'ట్వెంటీ స్లాబ్స్ ఆఫ్ లైమ్‌స్టోన్'. బహువచనం స్లాబ్‌కే, రాయికి కాదు.

(ముంబై వైపు వంటగట్టు రాయిని ఉత్తి 'కడప్పా' అంటారు. స్లాబ్ అనే మాట ఊడిపోయి ఊరిపేరే రాయి అయింది!)

*ప్రశ్న: 'ఐ యామ్ అండర్ ట్వెంటీ పర్సెంట్ స్లాబ్' సరైనదేనా? ఇంక్రిమెంటుతో స్లాబ్ మారితే జీతమంతటికీ 20 శాతం పడుతుందా? — ఉద్యోగి, కర్నూలు*

'అండర్' వద్దు, 'ఇన్ ద ట్వెంటీ పర్సెంట్ స్లాబ్' అనండి. పన్నుకు స్లాబ్ అనడం ఎక్కువగా మన దేశపు ఇంగ్లీషు. బ్రిటన్‌లో 'బ్యాండ్', అమెరికాలో 'బ్రాకెట్'.

జీతమంతటికీ పడదు. స్లాబులు మెట్లలాంటివి, ఏ మెట్టు మీది సొమ్ముకు ఆ మెట్టు రేటే. 2025–26 కొత్త విధానంలో తగ్గింపులు పోను ఆదాయం 16,10,000 ఉందనుకోండి. మొదటి 4 లక్షలకు లేదు. తర్వాతి 4 లక్షలకు 5 శాతం చొప్పున 20,000, ఆపై 4 లక్షలకు 10 శాతం 40,000, ఇంకో 4 లక్షలకు 15 శాతం 60,000. 20 శాతం పడేది పైనున్న 10,000కే, అంటే 2,000. మొత్తం 1,22,000, సెస్ వేరు. ఇంక్రిమెంటు నిరభ్యంతరంగా తీసుకోండి.

పలకడం గురించి అడిగినవారికి: 'బ్యాగు'లో 'బ్యా' ఎలా పలుకుతారో ఇక్కడ 'స్ల్యా' అలాగే. రాసేటప్పుడు చివర ఒక్కటే బీ.