మేధ పక్కన ఈశ్వరి ఇముడుతుందా?

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటున్నాం. మా పాపకు ‘మేధ’ అని పేరు అనుకున్నాం. ఇక్కడి జనన పత్రంలో మధ్యపేరుకు విడిగా ఒక గడి ఉంది. అందులో మా అత్తగారి పేరు ఈశ్వరమ్మ గానీ, మా అమ్మ పేరు శకుంతల గానీ కలిసొచ్చేలా పెట్టాలని కోరిక. మేధ ఈశ్వరి, మేధేశ్వరి, మేధ శకుంతల, మేధశ్రీ అని నాలుగు రాసుకున్నాం. వీటిలో ఏది సరైనది? ‘మేధాశ్రీ’ అని దీర్ఘం ఉండాలని ఒకరన్నారు, నిజమేనా?

జవాబు: దీర్ఘం ఉండాలన్నవారు సరిగ్గానే చెప్పారు. కాకపోతే అంతకుముందే మీరు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. ఈ రెండు మాటలూ కలిసి ఒకే పేరవుతాయా, పక్కపక్కన రెండు పేర్లుగా నిలుస్తాయా? దీర్ఘం, సంధి, రాతలో ఖాళీ అన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

సంస్కృతంలో ఈ మాట ‘మేధా’. విన్నదాన్ని పట్టి నిలుపుకునే బుద్ధి అని అమరకోశం చెప్పిన అర్థం. ఇలాంటి ఆకారాంత స్త్రీలింగ శబ్దాలు తెలుగులోకి వచ్చేటప్పుడు చివరి దీర్ఘాన్ని వదులుకుంటాయి. రమా రమ అయింది, లతా లత అయింది. ఈకారాంతాలదీ అదే దారి: గౌరీ గౌరి అయింది. కానీ సంస్కృత సమాసంలో ముందు పదంగా ఉన్నప్పుడు ఆ దీర్ఘం చెక్కుచెదరదు. అందుకే విడిగా రమ, కలిపితే రమాదేవి, విడిగా సంధ్య, కలిపితే సంధ్యారాణి, ఉమ, ఉమామహేశ్వరి. ఈ లెక్కన కలిపి రాస్తే ‘మేధాశ్రీ’యే సరైన రూపం. మరి దివ్యశ్రీ, నిత్యశ్రీ అంటున్నాం కదా అని మీకు అనిపించవచ్చు. దివ్య, నిత్య అక్కడ విశేషణాలు. దివ్యమైన శ్రీ అనే కర్మధారయంలో విశేషణం హ్రస్వంతోనే ఉంటుంది. మేధ విశేషణం కాదు, నామవాచకం. ఇక ‘శ్రీ’ ఒకే అచ్చున్న మాట కాబట్టి చివరనున్నా దాని దీర్ఘం పోదు. పేరు చివర ‘శ్రి’ అని రాయడం తప్పు.

అయినా మీ విషయంలో ‘శ్రీ’ని నేను సూచించను. అందులో మీ అత్తగారూ లేరు, అమ్మగారూ లేరు.

ఈశ్వరమ్మగారి పేరు దగ్గర కాస్త జాగ్రత్త కావాలి. ఈశ్వర, అమ్మ అన్న రెండు మాటలు కలిస్తే ఈశ్వరమ్మ. పాతకాలపు పేరులా ఉందని ‘అమ్మ’ను తీసేస్తే మిగిలేది ‘ఈశ్వర’, అది పురుషుడి పేరు. స్త్రీత్వం ఆ ‘అమ్మ’లోనే ఉంది మరి. దాన్ని తీసినప్పుడు ‘ఈ’ ప్రత్యయం చేర్చి ‘ఈశ్వరి’ చేసుకోవాలి. మీరు సరిగ్గా అదే చేశారు.

ఇప్పుడు మేధను, ఈశ్వరిని పక్కపక్కన పెట్టి నాలుగుసార్లు గబగబా పిలిచి చూడండి. సంస్కృత మర్యాదలో కలిపితే గుణసంధి జరిగి (ఆ, ఈ కలిసి ఏ అయి), భువనేశ్వరిలాగే, ‘మేధేశ్వరి’ అవుతుంది. వ్యాకరణానికి ఏ లోపమూ లేదు, ‘బుద్ధికి అధిదేవత’ అనే అర్థమూ గొప్పది. కానీ అప్పుడది ఒకే పేరు. మీరు మురిపెంగా పెట్టుకున్న ‘మేధ’ అందులో కరిగిపోతుంది, మధ్యపేరు గడి మళ్లీ ఖాళీ. తెలుగు మర్యాదలో చూస్తే, స్త్రీవాచక తత్సమాల (సంస్కృతం నుంచి వచ్చిన మాటల) చివరి అకారానికి సంధి లేదు. రెండు అచ్చుల మధ్య యడాగమం, అంటే ఒక యకారం, వచ్చి ‘మేధయీశ్వరి’ అవుతుంది. నోరు మాత్రం సూత్రం కోసం ఆగదు. తొందరలో ఆ అకారాన్ని మింగేసి ‘మేధీశ్వరి’ అనేస్తుంది. అంటే ఒకే పాపకు మూడు ఉచ్చారణలు. అచ్చుతో ముగిసే పేరు పక్కన అచ్చుతో మొదలయ్యే పేరు పెడితే వచ్చే చిక్కే ఇది. అనన్య పక్కన ఆద్య పెట్టినా ఇదే తంటా.

దీనికి విరుగుడు మన పేర్లలోనే ఉంది. ఈశ్వరికి ముందు ‘మహా’ చేర్చండి. మహేశ్వరి అవుతుంది. మొదట హల్లు వచ్చింది కాబట్టి సంధి బెడద లేదు, నానమ్మ పేరు చెదరలేదు, రెండు పేర్లకూ మొదట మకారం పడింది. ‘మేధ మహేశ్వరి’ విడిగా రాస్తే రెండు పేర్లు, శుభలేఖలో సమాసంగా వేసుకోవాలనిపిస్తే ‘మేధామహేశ్వరి’. నన్నడిగితే మీ నాలుగింటికన్నా ఇదే బాగుంది.

అమ్మగారి పేరే పెట్టదలచుకుంటే ‘మేధ శకుంతల’కు ఏ మార్పూ అక్కర్లేదు. శకుంతాలంటే పక్షులు. అడవిలో పక్షులు కాపాడిన పసిబిడ్డ కాబట్టి కణ్వుడు శకుంతల అన్నాడని భారతకథ. రెండక్షరాల పేరు తర్వాత నాలుగక్షరాల పేరు, పిలుపుకు హాయిగా ఉంటుంది.

ఏది ఎంచుకున్నా ‘ధ’ వత్తు మరిచిపోకండి. బారసాలనాడు బియ్యంలో రాసేటప్పుడూ, కేకు మీద రాయించేటప్పుడూ ఆ కింది గీత ఎగిరిపోతుంటుంది. అప్పుడది ‘మేద’. సంస్కృతంలో మేదస్సంటే కొవ్వు! మనవాళ్లు ఇంగ్లిషులో చాలాసార్లు ద, ధ రెంటికీ ‘డి హెచ్’ వాడతారు కాబట్టి అక్కడ తేడా తెలియదు. తెలుగులో రాసినప్పుడే బయటపడుతుంది.

ఇంగ్లిషు వర్ణక్రమం కూడా ముందే ఖాయం చేసుకోండి. ‘శ’కు ‘ఎస్ హెచ్’ రాయకపోతే అక్కడివాళ్లు ‘సకుంతల’ అంటారు. ‘త’కు ‘టి’ ఒక్కటే రాస్తే ‘ట’ పలుకుతారు, ‘టి హెచ్’ రాస్తే ‘థ’ పలుకుతారు. రెండూ పూర్తిగా సరికావు గనుక ఒకటి ఎంచుకుని అన్ని పత్రాల్లోనూ అదే రాయండి. పాస్‌పోర్టులో మధ్యపేరుకు వేరే గడి ఉండదు, ఇంటిపేరు ఒకచోట, మిగిలిన పేరంతా ఒకచోట వస్తాయి. విమానం టికెట్ల మీద తరచు ఆ రెండు పేర్ల మధ్య ఖాళీ కూడా పోతుంది. అందుకే పత్రం ఇచ్చేముందు రెండు పేర్లనూ ఇంగ్లిషు అక్షరాల్లో ఖాళీ లేకుండా ఒకసారి రాసి, తెలుగు రానివాళ్లెవరి చేతనైనా చదివించండి. ‘మేధ ఈశ్వరి’ అయితే మధ్యలో రెండు అచ్చులు అతుక్కుని చదివేవారు తడబడతారు. మహేశ్వరి, శకుంతల హల్లుతో మొదలవుతాయి కాబట్టి రెండో పేరు ఎక్కడ మొదలైందో తేలిగ్గా తెలుస్తుంది.