గ్యాస్ మూడుసార్లు ఎక్కించారు, లీకు ఒక్కసారీ వెతకలేదు

ప్రశ్న: మాది రాజాం. నేనూ మా ఆవిడా కలిసి వంద మంది పట్టే చిన్న ఏసీ హాలు నడుపుకుంటున్నాం. బారసాలలు, ఓణీల ఫంక్షన్లు అవుతుంటాయి. ఊడ్చే మనిషి తప్ప వేరే సిబ్బంది లేరు. మేడ మీద డక్టబుల్ ఏసీ అవుట్‌డోర్ యూనిట్ ఉంది. చల్లదనం తగ్గిందని ఫిబ్రవరిలో శ్రీకాకుళం సర్వీసు షాపు వాళ్లని పిలిస్తే గ్యాస్ ఎక్కించి 16,000 తీసుకున్నారు. ఏప్రిల్లో మళ్లీ 14,500. మే నెలలో ‘గ్యాస్ వాల్వు మార్పు, గ్యాస్ చార్జింగ్’ అని రాసి 18,700. పదిహేను రోజులకే మళ్లీ వేడిగాలి. అడిగితే గ్యాస్‌కి గ్యారంటీ ఉండదంటున్నారు. కెనడాలో ఉన్న మా అబ్బాయేమో గ్యాస్ వాల్వు హీటర్లకే ఉంటుంది, మనకి హీటరే లేదు, బిల్లు దొంగది అంటున్నాడు. చీటింగ్ కేసు పెట్టమంటారా? కన్స్యూమర్ కోర్టయితే శ్రీకాకుళమా, విజయనగరమా?

జవాబు: ముందు మీ అబ్బాయి మాట తేల్చేద్దాం. అతను అక్కడ చూసింది నిజమే. చలిదేశాల్లో మేడల మీద పెట్టే యూనిట్లలో చాలావాటికి చల్లబరిచేదీ వేడిచేసేదీ ఒకే పెట్టెలో ఉంటాయి. వేడికి సహజవాయువు బర్నరు, దానికో వాల్వు. బర్నరుకి వెళ్లే ఆ వాయువు ఒత్తిడి మామూలుగా మూడున్నర అంగుళాల నీటిని పైకి నెట్టేంతే, నోటితో ఊదినా వచ్చేంత. మీ గొట్టాల్లో ఉన్నది ఆర్-410ఏ అనే ఏసీ గ్యాస్ అయితే, 35 డిగ్రీల ఎండలో మెషిన్ ఆగి ఉన్నా దాదాపు 300 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 300 పౌన్ల ఒత్తిడి) ఉంటుంది. మన మెకానిక్కులు గ్యాస్ వాల్వు అనేది రాగి గొట్టాల దగ్గరి సర్వీస్ వాల్వునో, గ్యాస్ ఎక్కించే పిన్నునో. పేరు ఒకటే, వస్తువు వేరు. ఆ మాట పట్టుకుని బిల్లు దొంగదనలేం.

చీటింగ్ కేసు వద్దు. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం అనాలంటే, డబ్బు తీసుకునేటప్పుడే దగా చేసే ఉద్దేశం ఉందని చూపాలి. పని చెడగొట్టడం అది కాదు. స్టేషనుకెళ్తే ‘సివిల్ మేటర్’ అని పంపేస్తారు, ఈసారికి వాళ్ల మాట కరెక్టే.

మీ బలం వేరేచోట ఉంది. ఏసీ గ్యాస్ పెట్రోలు కాదు, వాడితే అయిపోవడానికి. మూసిన గొట్టాల్లో అదే తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఒకసారి కోర్టులో ఒక మెకానిక్‌ని క్రాస్ ఎగ్జామినేషన్ చేస్తూ అడిగాను: ‘గ్యాస్ తగ్గితే లీకున్నట్టేనా?’ ‘ఔను సార్.’ ‘వెతికావా?’ ‘ఓనరు తొందరపెట్టేశారు సార్, పెళ్లివారు దిగిపోతున్నారని.’ ఆ రెండో జవాబుతో మా కేసు సగం జారిపోయింది. అందుకే అడుగుతున్నాను, ‘ముందు గ్యాస్ కొట్టెయ్యండి, మిగతాది తర్వాత చూద్దాం’ అని మీరు గానీ వాట్సాప్‌లో పెట్టారా? పెడితే ఇప్పుడే చెప్పండి, చెరిపేయకండి. అవతలి ఫోన్లో అది ఉండనే ఉంటుంది. మీరు అలా అనకపోతే మాత్రం, లీకు వెతక్కుండా రెండోసారి, మూడోసారి డబ్బు తీసుకోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 చెప్పే సేవాలోపమే. గ్యాస్‌కి గ్యారంటీ లేదన్న మాట వాళ్లని కాపాడదు. మీరు అడుగుతున్నది గ్యాస్ గురించి కాదు, చేయని పని గురించి.

నాలుగో మెకానిక్‌ని పిలిచే ముందు ఒక్క జాగ్రత్త. రిపేరైపోతే సాక్ష్యమూ పోతుంది. కొత్తాయన వచ్చినప్పుడు వీడియో తీయించండి. ముందు యూనిట్ పక్కనున్న రేకు మీద ఏ గ్యాస్, ఎన్ని కిలోలు అని ఉంటుంది, దాన్ని తీయండి. తర్వాత రాగి గొట్టాలు బిగించే ఫ్లేర్ నట్ల దగ్గర నూనె మరక, సబ్బునీళ్లు రాస్తే లేచే బుడగలు. ఉన్న గ్యాస్‌ని సిలిండర్లోకి లాగి తూకం వేయించి, ఆ అంకెతో సంతకం పెట్టిన రిపోర్టు తీసుకోండి. పాతవాళ్లు ఏ గ్యాస్ తెచ్చారన్నదీ కనుక్కోండి. ఆర్-410ఏ యూనిట్లో ఆర్-22 అనే వేరే రకం గ్యాస్ కలిపితే ఒత్తిడి లెక్క తప్పి కంప్రెసర్ దెబ్బతినొచ్చు, అప్పుడు మీ నష్టం 49,200తో ఆగదు. జీఎస్టీ లేని చేతిరాత చీటీ అయినా, ఫోన్‌పే రసీదైనా పనికొస్తాయి. వాట్సాప్ మెసేజీలు, వీడియోలు కోర్టుకిచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జత చేయాలి.

అవతలి లాయరు మొదట లేవదీసేది, హాలు వ్యాపారం కదా, వీళ్లు వినియోగదారులెలా అవుతారు అని. సొంతంగా పనిచేసుకుని బతికేవాళ్లకి మినహాయింపు ఉందని సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో వివరించింది. చిక్కేమిటంటే, 2019 చట్టంలో ఆ మినహాయింపు కొన్న వస్తువుల గురించే మాట్లాడుతుంది, సేవల మాట లేదు. వాదించగలం, కానీ గ్యారంటీ ఇవ్వను. కాబట్టి ఫిర్యాదులో మొదటి పేరాలోనే మీరిద్దరే నడుపుతున్నారని, ఇదే జీవనాధారమని రాయండి. అది నిలవకపోతే మూడేళ్ల లోపు సివిల్ కోర్టు దారి ఉంది. అందుకని కన్స్యూమర్ ఫిర్యాదు, దానికున్న రెండేళ్ల గడువు అంచుదాకా ఆగకుండా వేసేయండి.

జిల్లా సంగతి. 2022 ఏప్రిల్ 4న రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వెళ్లాక ఈ సందేహం మీ వైపు అందరికీ ఉన్నదే. మీకు ఆ మీమాంస అక్కర్లేదు. షాపు శ్రీకాకుళంలో ఉంది గనక శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో (మీరన్న కన్స్యూమర్ కోర్టు ఇదే) వేస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు. 5 లక్షల లోపు సేవకి ఫీజు లేదు, లాయరు తప్పనిసరీ కాదు. ముందు స్పీడ్ పోస్టులో పదిహేను రోజుల నోటీసు పంపండి. ఫిబ్రవరి డబ్బు వదిలేసి, ఏప్రిల్, మే బిల్లుల 33,200, రద్దయిన బుకింగుల అడ్వాన్సులు, ఖర్చులు అడగండి. మొదటిసారి గ్యాస్ తగ్గడం వాళ్ల తప్పు కాకపోవచ్చు, అదీ కలిపితే మిగతాదాని మీద నమ్మకం పలచబడుతుంది.

మీ అబ్బాయి పంపిన హీటర్ బొమ్మలు మాత్రం ఫిర్యాదుకి జత చేయకండి. మీ యూనిట్లో లేని వస్తువు కాగితాలు దొరికితే అవతలి లాయరు వాదన అక్కడి నుంచే మొదలుపెడతాడు.