పోతు దూడకు ధర చెప్పేముందు టేపు పట్టండి

అమెరికా డెయిరీల్లో పాల ఆవులకు మాంసం జాతి ఆబోతు వీర్యం సూది వేసి, పుట్టిన క్రాస్ దూడను వారం తిరక్కుండానే మంచి ధరకు అమ్ముతున్నారని చదివానన్నారు. మీ ముర్రా క్రాస్ గేదెకు 12 రోజుల పోతు దూడ ఉంది, బేరగాడు రెండు వేలు ఇస్తానంటున్నాడు, న్యాయమైన ధర ఎంత అని అడిగారు. మాది నెల్లూరు జిల్లా, సంగం దగ్గర పల్లె. పెళ్లయి ఈ ఊరొచ్చినప్పటి నుంచి పాడి అంతా నా చేతి మీదే నడుస్తోంది. ఇప్పుడు ఆరు గేదెలున్నాయి. నేను చెప్పేది ఒక్కటే. బరువు తెలియకుండా ధర చెప్పొద్దు, 12 రోజుల దూడను అసలు అమ్మొద్దు.

అమెరికా లెక్క మనకు అతకదు. అక్కడ పాల జాతి హోల్‌స్టీన్ ఆవుకు మాంసం జాతి ఆంగస్ సూది వేస్తే పుట్టే దూడ మాంసం కోసమే పెరుగుతుంది. దాన్ని మేపి బరువు చేసే పెద్ద పెద్ద ఫీడ్‌లాట్లు ఉన్నాయి. మన రాష్ట్రంలో 1977 నాటి చట్టం ప్రకారం ఆవునూ, ఆవు దూడనూ, గేదె దూడనూ కోయకూడదు. కాబట్టి మన దగ్గర పోతు దూడను కొనేవాళ్లు పెంచడానికే కొనాలి. పెంచేవాళ్లకు కావాల్సింది చావకుండా నిలబడే దూడ. ధర తేలేది అక్కడే.

మొదటిసారి నేను మోసపోయిన సంగతి చెప్తాను. మా పెద్ద గేదె మూడో ఈతలో పోతు దూడ పుట్టింది. నాలుగు నెలలు దాటాక బేరగాడొచ్చాడు. మా చినమామ, ఆయన వేపచెట్టు కింద నిలబడ్డారు. చేతుల మీద కండువా కప్పుకుని, లోపల వేళ్లు పట్టుకుని బేరం మొదలుపెట్టారు. నేను కొట్టం గుంజ పక్కనే నిలబడి ఉన్నాను. కండువా కదులుతోంది, చినమామ తల అడ్డంగా ఊపుతున్నాడు, మళ్లీ కదులుతోంది. ఏ వేలు ఎంతో నాకు తెలియదు. ఆడవాళ్లను ఆ కండువా కిందికి రానివ్వరు. రెండు నిమిషాల్లో బేరం అయిపోయింది. "నాలుగు వేలమ్మాయ్, మంచి రేటే" అన్నాడు చినమామ. పలుపు విప్పి మా దగ్గరే ఉంచుకుని, ఆయన తెచ్చుకున్న తాడు కట్టి పంపించాం. ఆ దూడకు పొద్దునా సాయంత్రం పాలు వదిలింది నేను, నట్టల మందు తాగించింది నేను. దాని ధర మాత్రం నా కళ్ల ముందే నాకు తెలియకుండా తేలిపోయింది. ఆ రాత్రి పాల పుస్తకం తీసి లెక్కేస్తే, దూడ తాగిన పాలే ఆరు వేలు దాటాయి.

ఆ తర్వాత పశువుల ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ టేపు లెక్క నేర్పించింది. నాకు కుట్టుమిషన్ ఉంది కాబట్టి టేపు ఎప్పుడూ చేతికందేలా ఉంటుంది. దూడ నాలుగు కాళ్ల మీద సమంగా నిలబడి ఉండాలి. ముందు కాళ్ల వెనక నుంచి ఛాతీ చుట్టూ టేపు తిప్పి అంగుళాలు చూసుకోవాలి. తర్వాత భుజం ఎముక మొన నుంచి తోక పక్కనుండే పిర్ర ఎముక దాకా పొడవు చూసుకోవాలి. ఛాతీ కొలతను ఛాతీ కొలతతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే బరువు కేజీల్లో వస్తుంది. కాటా వేసినంత కచ్చితం కాదు. అయినా కళ్లతో కట్టే అంచనా కన్నా వంద రెట్లు మేలు. పొద్దున్నే మేత వేయకముందు కొలవండి. ఉప్పు కలిపిన నీళ్లు పట్టించి కడుపు ఉబ్బించి సంతకు తోలేవాళ్లున్నారు. వాళ్ల వల్లే బేరగాళ్లు అందరినీ ఒకే కన్నుతో చూస్తారు.

రెండో ఏడు ఇంకో పోతు దూడ, ఐదు నెలలది. అదే బేరగాడు వచ్చి "ఏందక్కా, చినమామ లేడా?" అన్నాడు. "లేడన్నా, ఈసారి బేరం నాతోనే" అన్నాను. ఆయన ముందే టేపు పట్టాను. ఛాతీ 40, పొడవు 36. కొట్టం గోడ మీద బొగ్గుతో రాశాను. నలభై నలభైలు పదహారు వందలు, దాన్ని 36తో గుణిస్తే 57,600, భాగిస్తే 87 కేజీలు. ఆయన కాసేపు గోడనే చూశాడు. ఐదు వేలు అన్నాడు, ఆరు అన్నాడు, వెళ్లిపోతున్నట్టు దారిదాకా పోయి మళ్లీ వచ్చాడు. నేను కేజీ 130 అన్నాను. చివరికి కేజీ 115 దగ్గర తెగింది. పది వేలు చేతిలో పెట్టి, "నీ టేపు ఊరంతా చూపించబాకక్కా" అన్నాడు. నేను ఊరంతా చూపించాను.

ఆ పది వేలు లాభమని అనుకోకండి. ఆ దూడ తాగిన పాలు మొదటి నెల రోజుకు రెండున్నర లీటర్లు, రెండో నెల లీటరున్నర, మూడో నెల లీటరు, మొత్తం 150 లీటర్లు. నాకు అప్పుడు లీటరుకు 50 పడేది, అంటే ఏడున్నర వేలు. తవుడు, చెక్క, మందులు కలిపి ఇంకో పదిహేను వందలు. నా చాకిరీకి మిగిలింది వెయ్యి. అందుకే దూడ మీద పెట్టిన ఖర్చుకు తక్కువగా వచ్చే ఏ ధరనూ నేను న్యాయం అనను. మార్కెట్ ఎలా ఉన్నా సరే. రైతు గట్టిగా నిలబడితే ధర వస్తుంది, నాకు వచ్చింది.

మన పోతు దూడలు చవగ్గా పోవడానికి సగం కారణం మనమే, ఇది చెప్పకుండా ఉండలేను. పెయ్య దూడ పుడితే పాలు వదులుతాం, పోతు దూడ పుడితే చేపు వచ్చేదాకా నోరు పెట్టించి లాగేస్తాం. ముర్రుపాలు కూడా సరిగ్గా తాగనివ్వరు. పుట్టిన గంట రెండు గంటల్లో ముర్రుపాలు పడని దూడకు రోగాన్ని తట్టుకునే శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? నెల తిరిగేసరికి వీపు ఎముకలు తేలి, మట్టి రంగు విరేచనాలతో గోడ వారగా పడిపోతుంది. చచ్చాక దాని తోలులోనే గడ్డి కుక్కి గేదె ముందు నిలబెడతారు. మా వీధిలోనే ఒక ఇంట్లో చూశాను. ఆ గేదె గడ్డి దూడను నాకుతూ పాలు చేపింది. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. అది కూడా లేకపోతే గేదెకు పాలు దిగేలా పూటపూటా పాలసూది పొడుస్తారు. ఇలా పెంచిన దూడకు రెండు వేలు అడిగితే బేరగాడి తప్పేముంది?

ఇంకో మాట. బ్రెజిల్‌లో లక్షల మంది మేపే నెలోర్ జాతి మన ఒంగోలు పశువుల సంతతే, పేరు మన నెల్లూరుదే. 1960లలో ఇక్కడి నుంచి పోయిన ఆబోతుల్లో ఒకదానికి ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరే ఉంది. అక్కడ పశువును అరోబా లెక్కన, అంటే 15 కేజీల మాంసం తూకం మీద అమ్ముతారు. మన పశువు అక్కడికెళ్లి కాటా ఎక్కింది. మనం ఇంకా కండువా కిందే వేళ్లు పిసుక్కుంటున్నాం. సంతల్లో గేటు రుసుం వసూలు చేసేవాళ్లు ఒక పశువుల కాటా ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు.

ఇక పోతు దూడల బెడదే వద్దనుకుంటే, పెయ్యలు పుట్టే సూది వచ్చింది. పదిలో తొమ్మిది పెయ్యలే పుడతాయంటారు. మా రెండు గేదెలకు వేయించాను. ఒకటి చూలు కట్టింది, ఒకటి నిలవక మళ్లీ ఎదకొచ్చింది.

మీ దూడ సంగతికొస్తే, రెండు వేలకు ఇవ్వకండి. కనీసం మూడు నెలలు నిలపండి. నాలుగో నెలలో గాలికుంటు టీకా వేయిస్తే ఆ చీటీ దాచుకోండి, పెంచేవాళ్లు దానికి విలువ ఇస్తారు. కొనేవాళ్లు దూడను ఎక్కడికి తీసుకెళ్తారో అడిగి, ఊరూ పేరూ రాయించుకోండి. 12 రోజులన్నారు కాబట్టి ముందు ఈ వారంలోనే ఆసుపత్రికెళ్లి నట్టల మందు తాగించండి. ఏలికపాములు దూడకు తల్లి పాలతోనే వస్తాయి, మొదటి మందు పడాల్సిన సమయం ఇదే. ఈరోజే టేపు కొలత కూడా రాసిపెట్టుకోండి, నెల తర్వాత మళ్లీ కొలిస్తే దూడకు పాలు సరిపోతున్నాయో లేదో మీకే తెలుస్తుంది.