ఫ్యాన్ అంటే ఫ్రెండ్ కాదు

చిట్టీ,

నిన్న రాత్రి పదిన్నరకి మీ అమ్మ ఫోన్ చేసింది. ఆ టైములో ఫోనొస్తే మీ పెదనాన్న ముందు బీపీ బిళ్ళ వెతుక్కుంటారు. తీరా చూస్తే సంగతి నువ్వు. "అక్కా, ఉద్యోగం చేసుకుంటూ ఇది ఆ థాయ్ సీరియళ్లకి తెలుగు సబ్‌టైటిళ్లు రాస్తుందట. అన్నీ మగపిల్లల ప్రేమకథలే. నువ్వే నేర్పావు దానికి" అంది.

నేను నేర్పానా! 2020 లాక్‌డౌన్‌లో రాజమండ్రి వచ్చి మా ఇంట్లో ఇరుక్కుపోయి, 'టుగెదర్' పదమూడు ఎపిసోడ్లూ నా మంచం మీదే పడుకుని చూసింది నువ్వు. నేను బీరకాయ చెక్కు తీసుకుంటూ "ఆ పొడుగు కుర్రాడు మళ్ళీ గిటార్ పట్టుకున్నాడేమే" అని అడుగుతూ కూర్చున్నదాన్ని. నువ్వు వెళ్ళిపోయావు, జబ్బు నాకంటించి.

ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. భయం వేసింది, కాదనను. కానీ చీకట్లో నాకు నేనే నవ్వుకున్నాను కూడా. మన ఇంట్లో ఆడపిల్ల ఒకతి, ఎవరూ అడక్కుండా, ఒక పరాయి దేశపు మాటని మన మాటలోకి తెస్తానంటోంది. బ్యాంకులో ముప్ఫై రెండేళ్ళు వోచర్లు రాసిన చేతితో నేనూ ఆ పని చేశాను కదా. అందుకే ఈ ఉత్తరం.

తెలిసిన విషయాలు ముందు చెప్పేస్తాను. వీడియోలు నువ్వు మళ్ళీ ఎక్కించకు. అనువాదానికి కూడా హక్కుదారుల అనుమతి కావాలి. నేను మా వాట్సాప్ గ్రూపులో పదకొండు మందికి రాసుకున్నాను, నువ్వు ఊరందరికీ పెడతానంటున్నావు, రెండూ ఒకటి కాదు. రకుటెన్ వికీ (Viki) అని సీరియళ్ల సైటు ఉంది, అందులో వాలంటీర్లే సబ్‌టైటిళ్లు రాస్తారు, ముందు అక్కడ చెయ్యి తిప్పుకో. రెండు లైన్లు దాటకు. తెలుగు అక్షరానికి కింద ఒత్తు, పైన గుడి ఉంటాయి కాబట్టి లైన్ల మధ్య చోటు చాలకపోతే ఒకదాని కాలు ఇంకోదాని నెత్తికి తగులుతుంది. చిన్న ఫోన్లో పెట్టి చూసుకోకుండా దేన్నీ పంపకు. రాత్రి పన్నెండు దాటాక రాయకు. ఇది కళ్ళ కోసం చెప్పడం లేదు, ఎందుకో తర్వాత చెప్తాను.

ఇక తిట్లు. ఇంగ్లీషు సబ్‌టైటిల్ చూసి దాన్ని తెలుగు చేసేస్తానని అన్నావట. తంతాను. ఇంగ్లీషు మధ్యలో కూర్చుని సగం మింగేస్తుంది. ఈ కథల్లో ఒకడు మూతి ముడుచుకుని కూర్చుంటాడు చూడు, కోపం కాదు, బాధా కాదు, అవతలివాడు వచ్చి బతిమాలాలని. థాయ్‌లో దాన్ని ఙోన్ అంటారు. (మన అక్షరమాలలో ఊరికే కూర్చున్న ఙకి ఇన్నాళ్ళకి పని దొరికింది.) వెళ్ళి బతిమాలి దారికి తెచ్చుకోవడాన్ని ఙో అంటారు. ఇంగ్లీషు వాడు ఒకచోట కోపమనీ, ఇంకోచోట మొండితనమనీ, మరోచోట అప్సెట్ అనీ రాస్తాడు, పాపం, వాడి దగ్గర మాట లేదు. మనకుంది కదే, అలక! సత్యభామ మనదే, పెళ్ళిలో అలకపాన్పు మనదే. క్రెంగ్‌జాయ్ అని ఇంకో మాట వస్తుంది. ఎదుటివాళ్ళకి ఇబ్బంది అవుతుందేమోనని నోరు విప్పకపోవడం. దానికి ఇంగ్లీషు వాడు చాంతాడంత వివరణ రాసుకుంటాడు, నువ్వు మొహమాటం అని రాసి పక్క లైనుకి వెళ్ళిపో. గిన్ ఖావ్ అంటే ఉత్త తినడం కాదు, అన్నం తినడం. ఫోనెత్తగానే "అన్నం తిన్నావా" అని అడిగే జాతి మనమొక్కళ్ళమే అనుకున్నాను నేను.

హామ్ అన్న మాట దగ్గర మాత్రం నేను వారం ఆగిపోయాను. అసలర్థం సువాసన. బుగ్గకి ముక్కు ఆనించి గట్టిగా ఊపిరి పీల్చడాన్ని కూడా అదే మాటతో చెప్తారు. ఇంగ్లీషులో ముద్దు అనేశారు. మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, మీ అమ్మకి తలంటి సాంబ్రాణి పొగ వేశాక ఎత్తుకుని సరిగ్గా అలాగే బుగ్గ వాసన చూసేది. పెదవి తగిలేది కాదు. పాత కావ్యాల్లో మూర్కొనడం అని దానికి మాట కూడా ఉంది. అది రాస్తే ఎవరికి అర్థమవుతుంది? చివరికి "బుగ్గ వాసన చూడనా?" అని రాశాను. చదివినవాళ్ళు నవ్వారు, కానీ సీను చూసి ఒప్పుకున్నారు.

పిలుపుల దగ్గర నీకు చుక్కలు కనిపిస్తాయి. వయసులో పెద్దవాణ్ణి వాళ్ళు 'ఫీ' అంటారు, చిన్నవాణ్ణి 'నోంగ్' అంటారు. ప్రేమించుకున్నాక కూడా అదే పిలుపు. 2016లో వచ్చిన 'సోటస్' చూశావుగా, ఇంజినీరింగ్ కాలేజీ, సీనియర్లు, రాగింగు. (ఇంజినీరింగుకి వాళ్ళ మాట మన విశ్వకర్మ నుంచే వచ్చింది. ఆ సీనియర్ పేరు ఆర్థిట్, అంటే మన ఆదిత్యుడే. ఆ దేశంలో సగం పేర్లు విప్పి చూస్తే మన వీధిలోవే.) జూనియర్ కాంగ్‌పాబ్ ఆ ఆర్థిట్‌ని మొదటి నుంచి చివరిదాకా ఫీ అనే పిలుస్తాడు. నేను మొదటి ఎపిసోడ్‌కి తెలుగు చేస్తూ నిక్షేపంలా "అన్నయ్యా" అని రాసేశాను. నాలుగో ఎపిసోడ్‌కి వచ్చేసరికి గుండెల్లో రాయి పడింది. "అన్నయ్యా, మీరంటే నాకిష్టం" అని రాయనా? మన భాషలో అన్నయ్య అన్నాక ఇక అన్నీ మూసుకుపోయినట్టే.

మూల మాటే ఉంచేద్దామా అంటే, పీ అని రాస్తే తెలుగులో ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు, ఫీ అని రాస్తే కాలేజీ ఫీజు అనుకుంటారు. ఆఖరికి రాగింగు రోజుల్లో 'సార్' అని పెట్టాను, మన ఇంజినీరింగ్ కాలేజీల్లో జూనియర్లు అలాగే ఏడుస్తారు కాబట్టి. తర్వాత పేరుకి 'మీరు' తగిలించాను. చివరి ఎపిసోడ్లలో ఒక్కచోట, ఒకే ఒక్కచోట, 'నువ్వు' అని జారనిచ్చాను. ఆ ఒక్క నువ్వుకి మా గ్రూపులో ఒకావిడ అర్ధరాత్రి ఫోన్ చేసి ఏడ్చింది. బావ అని పెట్టమని ఇంకొకామె సలహా. అందరం నవ్వాం. తర్వాత ఆలోచిస్తే తప్పేముంది, మన వైపు మగపిల్లలు ఒకళ్ళనొకళ్ళు బావా అనుకోరా? ఆ మాటని దాచుకో. ఎక్కడో ఒకచోట అదే కావాల్సి వస్తుంది, అప్పటిదాకా ఖర్చు పెట్టకు. అలాగే స్నేహితులు కూ, మ్యుంగ్ అనుకుంటుంటే అది ఒరేయ్ స్థాయి. వాళ్ళు దాంట్లోంచి మర్యాదలోకి మారిన క్షణం ఇంగ్లీషులో కనపడనే కనపడదు. చెవి పెట్టి విను.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా చెప్పలేదు.

యూట్యూబులో చూసేవాళ్ళే సబ్‌టైటిళ్లు రాసివ్వడానికి ఒక సదుపాయం ఉండేది. నేను దాని గురించి తెలుసుకునేసరికి, 2020 సెప్టెంబరులో తీసేశారు. నాకు కంప్యూటరు అంతంత మాత్రం. అందుకని రూళ్ళ నోటుబుక్కులో ఎడమ పక్క నిమిషం, సెకను, కుడి పక్క తెలుగు మాట రాసి, పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టేదాన్ని. పదకొండు మందీ ఒక ఫోన్లో సీరియల్, ఇంకో ఫోన్లో నా దస్తూరీ పెట్టుకుని చూసేవాళ్ళు. ఎంత పిచ్చో చూడు.

2021లో, ఒక సీరియల్. పేరు ఎందుకులే. కుర్రాడు ఇంకో కుర్రాణ్ణి ఇంటికి తీసుకొచ్చి భోజనాల బల్ల దగ్గర వాళ్ళమ్మకి చూపిస్తాడు. మూడు మాటలే అంటాడు. "నీ ఫ్యాన్ ఫోమ్." వీడు నా ఫ్యాన్ అని. మన సీలింగ్ ఫ్యాను కాదు, హీరోగారి ఫ్యానూ కాదు. ఇంగ్లీషు నుంచి పట్టుకెళ్ళి థాయ్ వాళ్ళు ఆ మాటకి ప్రేమించినవాళ్ళనే అర్థం ఇచ్చుకున్నారు. ఆడైనా మగైనా అదే మాట. నాకది అప్పటికే తెలుసు. బాగా తెలుసు.

రాత్రి ఒంటిగంట. పక్క గదిలో మా మరిది వాళ్ళు దిగి ఉన్నారు. నోటుబుక్కు బల్ల మీదే ఉంటుంది, పొద్దున్నే ఎవరైనా తిరగేస్తారు. గ్రూపులో ఒకామె అత్తగారి పక్కన కూర్చుని చూస్తుంది. ఇవన్నీ లెక్కేసుకున్నాను, బ్యాంకు బుద్ధి. పెన్ను ఒక నిమిషం ఆగింది. తర్వాత "అమ్మా, వీడు నా ప్రాణస్నేహితుడు" అని రాశాను. మంచి తెలుగే. చూడముచ్చటగా ఉంది కూడా.

ఆ తర్వాత సీన్లో వాళ్ళమ్మ ఏం మాట్లాడదు. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోతుంది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, కొత్తగా వచ్చినవాడి కంచంలో చేప ముక్క వేస్తుంది. ప్రాణస్నేహితుణ్ణి తీసుకొస్తే ఏ తల్లయినా ఏడుస్తుందా? నా లైను పక్కన ఆవిడ కన్నీళ్ళు పిచ్చిదాని కన్నీళ్ళయిపోయాయి. ఆ మాత్రం నాకు తట్టలేదు.

మా గ్రూపులో ఇరవై ఏళ్ళ కుర్రాడు ఒకడుండేవాడు. ఎప్పుడూ ఏమీ మాట్లాడడు, నా పేజీ రాగానే దణ్ణం బొమ్మ పెట్టేవాడు, అంతే. ఆ రోజు మొదటిసారి ఒక ముక్క రాశాడు. "ఆంటీ, ఫ్యాన్ అంటే ఫ్రెండ్ కాదు కదా?"

నేను జవాబిచ్చాను. "తెలుగులో అలా రాస్తే బాగుండదు బాబూ."

"సరే ఆంటీ" అన్నాడు.

నాలుగు రోజులకి గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. ఎందుకో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. వాడికి పరీక్షలే ఉన్నాయో, ఫోనే పాడైందో. నాకు తెలిసిందల్లా, వాడు అడిగింది భాష గురించి, నేను చెప్పింది భాష గురించి కాదు. వారం తర్వాత ఆ లైను ఎర్ర పెన్నుతో కొట్టేసి, "అమ్మా, నేను ప్రేమించింది వీణ్ణే" అని దిద్ది మళ్ళీ ఫోటో పెట్టాను. చూడాల్సినవాడు లేడు. నెంబరుంది. ఇప్పటికీ ఉంది. ఏమని రాయను?

అందుకే పన్నెండు దాటాక రాయొద్దన్నాను. ఆ టైముకి మన లోపలి పిరికిది లేచి పెన్ను అందుకుంటుంది. తియ్యగా రాస్తుంది, తప్పు పట్టేలా రాయదు.

ఇంకో వైపు కూడా జారకు. కొన్ని సీరియళ్లలో ఇద్దరిలో ఒకణ్ణి 'మియా' అంటారు, అంటే పెళ్ళాం. ముఖ్యంగా పాతవాటిలో. బలవంతాలు కూడా చూపించి ప్రేమంటారు. నాకు ఒళ్ళు మండుతుంది, నీకూ మండుతుంది. అయినా దాన్ని 'నా వాడు' అని కడిగి పెట్టకు. వాడు పెళ్ళాం అంటే పెళ్ళాం అనే రాయి, చూసేవాళ్ళు వాణ్ణే తిట్టుకుంటారు.

నటుల జోలికి మాత్రం వెళ్ళకు. తెర మీద జంటని బయట కూడా జంటేనని ఊహించుకోవడానికి వాళ్ళు ఖూజిన్ అని పేరు పెట్టుకున్నారు, సరదాగా ఉన్నంతసేపు సరదాయే. ఆ కుర్రాడికి నిజంగా ఎవరో ఉన్నారని తెలియగానే శాపనార్థాలు పెట్టేవాళ్ళతో నువ్వు కలిస్తే, నా ఇంటి గడప తొక్కకు.

మీ అమ్మ ఇది నేరమేమో, పోలీసులొస్తారేమో అంది. స్వలింగ సంబంధాన్ని నేరమన్న 377వ సెక్షన్ మీద 2018లోనే సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, ఇద్దరు పెద్దవాళ్ళు ఇష్టపడితే అది నేరం కాదని చెప్పాను. పెళ్ళి మాట 2023లో మన కోర్టు పార్లమెంటుకి వదిలేసిందని, థాయ్‌లాండ్‌లో మాత్రం 2025 జనవరి 23 నుంచి చేసుకుంటున్నారని కూడా చెప్పాను. "అయితే ఆ సీరియళ్లలో ఇక పెళ్ళిళ్ళు కూడా పెడతారా" అని అడిగింది. భయమో, కుతూహలమో, దాని గొంతుని బట్టి తెలీలేదు.

మొదట దేనికి చేస్తావో నువ్వే తేల్చుకో, కానీ నా మాటగా ఒకటి ఉంది. 2020లో వచ్చిన 'ఐ టోల్డ్ సన్‌సెట్ అబౌట్ యూ', ఫుకెట్‌లో చైనీస్ పరీక్షకి చదువుకునే ఇద్దరు పిల్లల కథ. ఐదే ఎపిసోడ్లు, కాబట్టి ప్రాణం తీయదు. దాని థాయ్ పేరు 'ప్లే రక్ ఛన్ దువాయ్ జాయ్ థో'. నా ప్రేమని నీ మనసుతో అనువదించు అని. ఆ పేరుని ఐదేళ్ళుగా తెలుగు చేస్తూనే ఉన్నాను, కుదిరి చావడం లేదు. నీకు కుదిరితే ఫోన్ చెయ్యి, పదిన్నర దాటినా పర్వాలేదు.

నోటుబుక్కులు మూడూ కొరియర్‌లో వేస్తున్నాను. రెండోదాంట్లో 43వ పేజీ చూడు, ఎర్ర గీత కనిపిస్తుంది. ఆ పేజీ చింపకు.

మీ అమ్మ గురించి కంగారు పడకు. నిన్న దాని ఏడుపు ఆపడానికి నీ సీరియల్లో అలక సీను ఒకటి కథగా చెప్పాను. వీడు మేడ మీద మూతి ముడుచుకుని కూర్చోవడం, వాడు కింద స్కూటర్ ఆపుకుని చూస్తూ నిలబడటం. అంతా విని, "మరి వెళ్ళి బతిమాలడేం, వెధవ" అంది.

పెద్దమ్మ